వోల్టేజీ పెంపు: సాహసమా? బాధ్యతా?

ప్రతి విద్యుత్ పరికరానికీ దాని తయారీదారు ఒక హద్దు నిర్ణయిస్తాడు. ఆ హద్దును దాటించి కంప్యూటర్ ప్రాసెసర్‌ను అధిక వేగంతో నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఇది వస్తునాశనమని పెద్దలు కొందరు, ఇదే విజ్ఞానమని యువకులు కొందరు వాదిస్తూ ఉంటారు. రెండు వాదాలలోనూ సగమే సత్యమున్నదని నా అభిప్రాయం.

ముందుగా విషయాన్ని పరిశీలిద్దాం. ప్రాసెసర్‌లోని ట్రాన్సిస్టర్లన్నీ ఒక గడియారపు లయకు లోబడి పనిచేస్తాయి. వేగం 300 మెగాహెర్ట్జ్ అయితే ఒక్కొక్క లయకు సుమారు 3.3 నానోసెకన్ల వ్యవధి ఉంటుంది. 450 అయితే 2.2 మాత్రమే. ఆ లోపల సంకేతం గమ్యం చేరకపోతే లెక్క తప్పుతుంది. వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు త్వరగా స్పందిస్తాయి. అందుకే వేగాన్ని కోరేవారు వోల్టేజీని ఆశ్రయిస్తారు.

1998లో ఇంటెల్ సంస్థ వెలువరించిన సెలెరాన్ 300ఏ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. 66 మెగాహెర్ట్జ్ బస్సును 100కు మార్చగానే ఆ చౌక ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్ వేగాన్ని అందుకొనేది. కొన్నింటికి మాత్రం 2.0 వోల్టుల నిర్ణీత వోల్టేజీ చాలక, కొంచెం పెంచవలసి వచ్చేది. ప్రాసెసర్ తనకెంత వోల్టేజీ కావాలో కొన్ని పిన్నుల ద్వారా మదర్‌బోర్డుకు తెలుపుతుంది. ఆ పిన్నులపై టేపు అంటించి కొందరు, రెగ్యులేటర్ సర్క్యూట్‌కు అదనపు రెసిస్టర్ అతికించి మరికొందరు దానిని ఏమార్చేవారు. తక్కువ అందుతున్నదని భ్రమపడిన రెగ్యులేటర్ మరింత విడుదల చేసేది.

ఇందులో భౌతికశాస్త్రం, గణితం, చేతిపనితనం మూడూ ఉన్నాయి. కనుక దీనిని కేవలం అల్లరిగా కొట్టిపారవేయడం న్యాయం కాదు. కాని దీనికి చెల్లించే మూల్యాన్ని కూడా లెక్కించాలి. ట్రాన్సిస్టర్ల పనివలన ఖర్చయ్యే శక్తి వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లై, వోల్టేజీ 2.0 నుండి 2.2కు చేరితే ఆ శక్తి సుమారు 1.8 రెట్లవుతుంది. అదంతా వేడిగా మారవలసిందే.

వేడి కంటికి కనబడకున్నా చేతికి తెలుస్తుంది. చేతికి సైతం తెలియని నష్టం మరొకటి ఉంది. ప్రాసెసర్‌లోని సన్నని లోహపు తీగలలో ఎలక్ట్రాన్ల తాకిడికి అణువులు మెల్లమెల్లగా స్థానభ్రంశం చెందుతాయి. కరెంటు సాంద్రత, ఉష్ణోగ్రత పెరిగినకొద్దీ తీగ ఆయుర్దాయం తగ్గుతుందని జేమ్స్ బ్లాక్ 1969లో సూత్రీకరించాడు. ఈ రోజు పరీక్షలో నెగ్గిన యంత్రం రేపు కూడా నెగ్గుతుందన్న హామీ లేదు. తయారీదారులే ఈ విషయంలో దెబ్బతిన్నారు. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజీ కారణంగా చెడిపోగా, ఆ సంస్థ మైక్రోకోడ్‌ను సవరించి వారంటీని 2 సంవత్సరాలు పొడిగించింది. ఆ సవరణ రాబోయే నష్టాన్ని ఆపగలిగినదే గాని, జరిగిన నష్టాన్ని పూడ్చగలిగినది కాదు.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపమిది: ఈ ఆసక్తిని నిషేధించకండి, దానికొక స్థలం చూపండి. వాడుక నుండి తొలగించిన మదర్‌బోర్డులు రెండు, ఒక మల్టీమీటరు, పర్యవేక్షించే ఒక అధ్యాపకుడు ఉంటే చాలు. అందరూ వాడే ప్రయోగశాల యంత్రాలను మాత్రం తాకనీయరాదు. హద్దు మీరిన ప్రాసెసర్ ఆగిపోతే మేలే; ఆగకుండా తప్పుడు లెక్క చెబితే, దానిని నమ్మి ప్రాజెక్టు సమర్పించిన సాటి విద్యార్థి నష్టపోతాడు.

విద్యార్థి మిత్రులకు చెప్పవలసినది మరొకటి ఉంది. సొంత డబ్బుతో కొన్న వస్తువుపై ప్రయోగం మీ హక్కు. కాని అధిక వోల్టేజీతో కాల్చిన ప్రాసెసర్‌ను ‘దానంతటదే చెడిపోయింది’ అని వారంటీకి పంపడం అసత్యం. ఏళ్ల తరబడి అలా నడిపిన దానిని ఏమీ చెప్పక మరొకరికి అమ్మడం అంతకన్నా దోషం, ఎందుకంటే కొనేవాడు తరచుగా మీకంటే పేదవాడై ఉంటాడు. రెగ్యులేటర్‌ను ఏమార్చడం విద్య కావచ్చు. మనిషిని ఏమార్చడం ఏనాటికీ విద్య కాదు. ఈ రెంటి భేదం తెలిసిన చేతిలోనే స్క్రూడ్రైవర్ ఉండదగును.