ముక్కు చెప్పేదాకా ఆగాలా?

ఉత్తర చెన్నైలోని తండయార్‌పేట మనవాళ్లకి కొత్తగా పరిచయం చేయాల్సిన చోటు కాదు. కొరుక్కుపేట, రాయపురం మాదిరే అక్కడా తరాలుగా తెలుగు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. 2013లో ఆ పేటలో కొన్ని వీధుల బోర్లలో నీళ్లతో పాటు చమురు రావడం మొదలైంది. తాగడానికి కాదు కదా, గిన్నెలు కడుక్కోవడానికి కూడా ఆ నీళ్లు పనికిరాలేదు. చివరికి తేలిందేమిటంటే, భూమిలోపల పోతున్న భారత్ పెట్రోలియం పైపులైను లీకవుతోంది. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

పదేళ్లు గడిచాయి. 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి, అదే ఉత్తర చెన్నైలోని ఎన్నూరు. ఓడ నుంచి కోరమాండల్ ఎరువుల కర్మాగారం ట్యాంకుకి అమోనియా తెచ్చే పైపు సముద్రంలో లీకైంది. పెరియకుప్పం, చుట్టుపక్కల జాలరి కుప్పాల జనం కళ్లు మండి, ఊపిరాడక, పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు.

రెండూ ట్యాంకులతో ముడిపడ్డ పైపులే. ట్యాంకు, పైపు, వాల్వు మూడూ ఒకే గొలుసు. ఎక్కడ తెగినా ఊరి మీదే పడుతుంది. ఇక్కడ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. జనానికి మొదటి కబురు ఎవరు చెప్పారు? గేజీ కాదు, మీటరు కాదు. తండయార్‌పేటలో బోరు నీళ్లు చెప్పాయి. ఎన్నూరులో ఘాటు చెప్పింది. అంటే ముక్కూ కళ్లే మనకి దిక్కయ్యాయన్నమాట.

ముక్కు ఆలస్యంగా చెబుతుంది

అమోనియా విషయంలో ముక్కు కొంత నయం. కొద్దిపాటి వాయువుకే ఘాటు తెలిసిపోతుంది. పెట్రోలు సంగతి అలా కాదు. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. అది కాన్సర్ కారకం. తాగే నీళ్లలో లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ నీళ్లలో దాని వాసన మనిషికి తెలియాలంటే ఆ హద్దుకు కొన్ని వందల రెట్లు ఉండాలి. అంటే వాసన వచ్చేసరికి ఆ నీళ్లు ప్రమాదం గీత ఎప్పుడో దాటేశాయి. వాసన లేదు కదా అని తాగేయడమూ ధైర్యం కాదు, అమాయకత్వం.

కాబట్టి లీకును ట్యాంకు దగ్గరే పట్టాలి, బోరు దగ్గర కాదు. అది అంత కష్టమా? కష్టమే, కానీ అసాధ్యం కాదు. మన వీధి చివర పెట్రోలు బంకునే తీసుకుందాం.

మిల్లీమీటరులో దాక్కునే దొంగ

బంకులో పెట్రోలు ట్యాంకు భూమిలో పడుకోబెట్టి ఉంటుంది. రెండు మీటర్ల వ్యాసం, ఆరు మీటర్ల పొడవున్న ట్యాంకు అనుకుందాం. నిండా పోస్తే దాదాపు 19 వేల లీటర్లు పడుతుంది. సగం ఉన్నప్పుడు లోపల పెట్రోలు పరుచుకున్న వైశాల్యం 12 చదరపు మీటర్లు. అంటే డిప్ కడ్డీ మీద ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే 12 లీటర్ల తేడా.

ఇప్పుడు లీకు లెక్క చూద్దాం. అమెరికాలో భూగర్భ ట్యాంకుల బిగుతు పరీక్షకి ఒక కొలత పెట్టుకున్నారు. గంటకి 0.1 గ్యాలన్, అంటే సుమారు 380 మిల్లీలీటర్లు కారినా ఆ పరీక్ష పట్టుకోవాలి. నూటికి 95 సార్లు పట్టాలి, తప్పుడు కేక నూటికి 5కి మించకూడదు. చూడటానికి అది చిన్న సీసాడే. రోజుకి 9 లీటర్లు. ఏడాదికి 3,300 లీటర్లు. కానీ ఆ రోజుకి 9 లీటర్లు మన కడ్డీ మీద ఒక్క మిల్లీమీటరు కూడా కాదు!

పైగా ఎండ ఒకటుంది. పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. సగం నిండిన ఆ ట్యాంకులో ఒక్క డిగ్రీ వేడి తగ్గితే దాదాపు 9 లీటర్లు తగ్గినట్టు కనిపిస్తుంది. ఒక డిగ్రీ పెరిగితే, ఒక రోజు లీకు మొత్తం దాని చాటున మాయమైపోతుంది. ఇవి చాలవన్నట్టు ఆవిరయ్యేది కొంత, లారీ దింపేటప్పుడు కొలతలో తేడా కొంత. "ఆ, మామూలే, ఆవిరై ఉంటుంది" అనేసి రిజిస్టరు మూసేయడానికి ఇన్ని సాకులున్నాయి.

మరి ఎలా పట్టాలి? ఒక్కరోజు లెక్క ఏమీ చెప్పదు. నెల లెక్క చెబుతుంది. వేడి వల్ల వచ్చే తేడా అటూ ఇటూ ఊగుతుంది. ఇవాళ తగ్గితే రేపు పెరుగుతుంది. లీకు మాత్రం ఒకే వైపు నడుస్తుంది. నిన్న ఉన్నదెంత, వచ్చిందెంత, అమ్మిందెంత, ఇవాళ మిగిలిందెంత అని రోజూ రాసి, నెలాఖరుకి తేడాలన్నీ కూడితే ఊగేవి చాలావరకు కొట్టుకుపోతాయి, కారేది మిగులుతుంది. మన కిరాణా కొట్టు పద్దుల పుస్తకం లాంటిదే ఇది. దీనికి పెద్ద యంత్రం అక్కర్లేదు, నిజాయితీగా రాసే చెయ్యి కావాలి.

యంత్రాలూ ఉన్నాయి. ట్యాంకు లోపల మట్టాన్నీ, వేడినీ కలిపి కొలిచే ఆటోమేటిక్ గేజీలున్నాయి. రెండు పొరల ట్యాంకులున్నాయి. లోపలి పొర పగిలితే మధ్య సందులోకి వస్తుంది, అక్కడి సెన్సరు మోగుతుంది. ట్యాంకు చుట్టూ పరిశీలన బావులు తవ్వి మట్టిలో ఆవిరి ఉందేమో చూసే పద్ధతీ ఉంది.

ఇంకొక మాట. చిల్లు రెండు వైపులా పనిచేస్తుంది. వానాకాలం భూగర్భ జలం పైకొస్తే పెట్రోలు బయటికి పోవడం కాదు, నీళ్లే లోపలికొస్తాయి. అందుకే కడ్డీ చివర రంగు మారే పేస్టు రాసి నీళ్లున్నాయేమో చూస్తారు. కానీ 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక ఈ పరీక్షా మారాలి. ఇథనాల్ నీళ్లని తనలో కలిపేసుకుంటుంది. మామూలు పేస్టు దాన్ని సరిగా పట్టలేకపోవచ్చు. సముద్రం పక్కన, భూగర్భ జలం పైపైనే ఉండే ఉత్తర చెన్నై, యానాం లాంటి ఊళ్లకి ఇది చిన్న విషయం కాదు.

గేజీ ఉంది, నమ్మిందెవరు?

అయితే పరికరాలు కొంటే సరిపోతుందా? చరిత్ర అలా చెప్పడం లేదు.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్. ట్యాంకు 610లో ఒత్తిడి పెరగడం గేజీలో కనిపించింది. షిఫ్టు వాళ్లు అది మామూలే అనుకున్నారు. కార్మికులు లీకును పసిగట్టింది కళ్లు మండటంతోనే. ఆ తరువాత జరిగింది లోకమెరిగిన విషాదం.

2005 డిసెంబరు 11, ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపో. ట్యాంకు నిండుతూనే ఉంది, గేజీ ముల్లు మాత్రం కదల్లేదు. మట్టం మితిమీరితే పంపు ఆపాల్సిన రెండో స్విచ్చీ పనిచేయలేదు. పెట్రోలు పొర్లి, ఆవిరి మేఘమై పేలింది. విచారణలో బయటపడిన సంగతి ఇంకా విడ్డూరం. అంతకుముందు మూడు నెలల్లో ఆ గేజీ 14 సార్లు మొరాయించింది!

2009 అక్టోబరు 29, జైపూర్ శివారు సీతాపుర ఇండియన్ ఆయిల్ డిపో. వాల్వు దగ్గర పెట్రోలు చిమ్మడం మొదలై గంటకు పైగా ఆగలేదు. కంట్రోలు రూము నుంచి వాల్వు మూసే సౌకర్యం పనిచేయని స్థితిలో ఉంది. 11 మంది చనిపోయారు. విచారించిన ఎం.బి.లాల్ కమిటీ ఆవిరి పసిగట్టే సెన్సర్లు, దూరం నుంచి మూసే వాల్వులు పెట్టాలంటూ చాలా సిఫార్సులు చేసింది.

2020 మే 7, మన విశాఖ. ఆర్.ఆర్.వెంకటాపురంలో ఎల్.జి.పాలిమర్స్ ట్యాంకులోని స్టైరిన్ దానంతటదే వేడెక్కి ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది ప్రాణాలు పోయాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పిన విషయాలు గుర్తుంచుకోదగ్గవి. వేడి కొలిచే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉంది, పైభాగంలో లేదు. రాత్రిళ్లు చల్లబరిచే యంత్రం ఆపేసేవారు. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటున్నా ఎవరూ మోగించలేదు.

నాలుగు ఊళ్లు, నాలుగు కథలు, నీతి ఒకటే. కొరత పరికరానికి మాత్రమే కాదు. రీడింగు తేడాగా ఉంటే పని ఆపేసి చూసే అలవాటుకి కొరత. ఆపితే నష్టం ఇవాళే కనిపిస్తుంది, ఆపకపోతే వచ్చే నష్టం ఎప్పుడో, ఎవరికో. ఆ "ఎవరికో" అన్నది తండయార్‌పేట, ఎన్నూరు, వెంకటాపురం జనం.

మనం అడగాల్సినవి

చట్టం లేక కాదు. ప్రమాదకర రసాయనాల నిల్వకి 1989 నుంచీ కేంద్ర నిబంధనలున్నాయి. కర్మాగారం లోపల ఆరు నెలలకోసారి, ఊరితో కలిపి ఏడాదికోసారి మాక్ డ్రిల్ జరగాలి. ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల జనానికి ముందే చెప్పాలి. మీ వీధిలో ఎవరైనా వచ్చి చెప్పారా? సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో మీ పిల్లలకి తెలుసా? గాలికి అడ్డంగా పోవాలన్న చిన్న విషయమైనా ఎంతమందికి చెప్పారు? తమిళంలో చెప్పినా ఫర్వాలేదు, మనకొచ్చు. నిన్నగాక మొన్న శ్రీకాకుళం నుంచో, ఒడిశా నుంచో పనికొచ్చి ఆ గోడ పక్కనే గుడిసె వేసుకున్నవాడికి మాత్రం వాడి భాషలో చెప్పాల్సిందే.

బంకుల విషయంలో కాలుష్య నియంత్రణ కేంద్ర మండలి 2020 జనవరిలో మార్గదర్శకాలిచ్చింది. కొత్త బంకు ఇళ్లకి, బడులకి 50 మీటర్ల దూరంలో ఉండాలి, ఎలాంటి పరిస్థితిలోనూ 30 మీటర్లకు తగ్గకూడదు. అంతకు ముందే ఇళ్ల మధ్య వెలిసిన పాత బంకుల మాటేమిటి? వాటి ట్యాంకుల వయసెంత? చివరిసారి బిగుతు పరీక్ష ఎప్పుడు చేశారు? సమాచార హక్కు కింద కాలుష్య మండలిని అడగొచ్చు. కాలనీ సంఘం తరఫున ఒక్క అర్జీ చాలు.

మీ బోరు నీళ్లలో పెట్రోలు వాసన వచ్చినా, పైన రంగుల తెట్టు కనిపించినా తాగడం, వండటం ఆ క్షణమే ఆపేయండి. మోటారు వేయొద్దు, అక్కడ అగ్గిపుల్ల గీయొద్దు. శుభ్రమైన గాజు సీసాలో నిండా నీళ్లు పట్టి, మూత బిగించి, తేదీ రాసిపెట్టండి. మెట్రో వాటరుకీ, కాలుష్య మండలికీ రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. పక్కింటి బోరూ చూడండి. ఏ ఇంట్లో ముందు, ఏ ఇంట్లో తరువాత వచ్చిందో రాసుకుంటే లీకు ఎటునుంచి వస్తోందో వెదకడానికి అదే మొదటి దారి.

ఇదంతా మనం చేయాల్సిన పనేనా అంటే, న్యాయంగా కాదు. ట్యాంకు ఎవరిదో లెక్క వాళ్లదే. ఆ లెక్క రోజూ సరిగా రాస్తున్నారా, తేడా వస్తే ఆపుతున్నారా అని అడిగేవాడు లేనంతకాలం మన ముక్కే మనకి గేజీ. ఆ గేజీ ఎంత ఆలస్యంగా మోగుతుందో తండయార్‌పేట ఒకసారి చూసింది. రెండోసారి చూడాల్సిన అవసరం రాకూడదు.