కుండీలో నల్లపండు

సూపర్‌మార్కెట్లలో చిన్న డబ్బాల్లో కనిపించే బ్లాక్‌బెర్రీలను మేడ మీద పెంచుకోవాలని చాలామందికి ముచ్చట. బందరు, గుడివాడల్లో అది తీరడం కష్టం. బ్లాక్‌బెర్రీ గులాబీ కుటుంబానికి చెందిన ముళ్ల పొద. శీతకాలంలో వందల గంటలపాటు 7 డిగ్రీలకు అటూ ఇటూ చలి తగిలితేగానీ చాలా రకాలు సరిగా కాపుకు రావు. బందరులో సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి ఎక్కడిది? మొక్క బతికినా ఆకులతోనే సరిపెడుతుంది.

అలాంటి నల్లటి పండే కావాలంటే మల్బరీ ఉంది. హిందూపురం వైపు పట్టుపురుగుల మేతకు వేసేది దీన్నే. పనసకీ మేడికీ చుట్టం కాబట్టి మన ఎండలు దీనికి కొత్త కాదు. చీటీ మీద ఏ పేరున్నా కొనేముందు ఆకు చూడాలి. బ్లాక్‌బెర్రీ ఆకు మూడు నుంచి అయిదు రెక్కలుగా ఉంటుంది, కాడకు సాధారణంగా ముళ్లుంటాయి. మల్బరీది ఒంటి ఆకు, తుంచితే పాలు కారతాయి. అసలు కొనక్కర్లేదు కూడా. తెలిసినవారి చెట్టు నుంచి పెన్సిలంత లావు కొమ్మను జానెడు ముక్క కోసి వానాకాలంలో గుచ్చితే వేరు పోసుకుంటుంది.

కుండీ అడుగున్నర వెడల్పు ఉంటే మంచిది. ఒట్టి నల్లమట్టి బిగుసుకుపోతుంది కనుక ముతక ఇసుక, మాగిన పశువుల ఎరువు సమంగా కలపాలి. కొబ్బరి పొట్టు వాడితే ముందు రెండు మూడుసార్లు కడగాలి, దాంట్లోనూ ఉప్పుంటుంది.

ఇక్కడ మొక్కను చంపేది ఎండకంటే ఉప్పే. కోడూరు, నాగాయలంక వైపు చాలాచోట్ల బోరు నీరు ఉప్పన. కాలువలు కట్టేసే వేసవిలో అదే పోస్తే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, ఆకుల అంచులు మాడతాయి. అప్పుడు ఎరువు వేస్తే ఇంకా చేటు. మంచినీటితో కడిగితేనే ఉప్పు దిగుతుందని 1977 ఉప్పెన చూసిన దివిసీమ రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కుండీకీ అదే వైద్యం: అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారేదాకా వాననీరో కాలువనీరో పోయాలి. కింద పళ్లెం పెట్టకూడదు. ఆర్వో ఫిల్టరు బయటికి వదిలే నీరు పారబోయడం ఇష్టంలేక మొక్కలకు పోస్తుంటారు. అందులో ఉప్పు మరీ చిక్కగా ఉంటుంది, వద్దు. ఏసీ నుంచి కారే నీటిలో ఆ బాధ లేదు, పట్టి పోయవచ్చు.

కాపు అయ్యాక కొమ్మలు సగానికి కత్తిరించి ఆకులు దూస్తే, కొత్త చిగురుతోపాటే పిందెలు వస్తాయి. చిగుళ్లు ముడుచుకుపోతే పిండినల్లి పట్టినట్టే. ఆ కొసలు తుంచేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి చల్లాలి. పండు ఎర్రగా ఉన్నప్పుడు పులుపు. నల్లబడేదాకా ఆగాలి, గోరింకలు ఆగనిస్తే. అందుకే పాత దోమతెర కప్పడం మేలు.

కుండీని బట్టలు ఆరేసే తీగ కింద మాత్రం పెట్టకూడదు. ఆ పండు మరక ఓ పట్టాన వదలదు.