పాకెట్ బిగిస్తే ఆట వస్తుందా?

హైదరాబాద్‌లో నేను ఆడే పార్లర్‌లో ఈమధ్య ఒక పూల్ టేబుల్ కార్నర్ పాకెట్లను 4 అంగుళాలకు బిగించారు. కుర్రాళ్లంతా దానిమీదే పడ్డారు. పక్క టేబుళ్లు ఖాళీగా ఉన్నా, ‘టైట్ టేబుల్ మీద ఆడితేనే ఆట వస్తుంది అంకుల్’ అంటూ వంతుల కోసం కూర్చుంటున్నారు. ఈ మాట నాకు సగమే ఒప్పు.

ముందు ఒప్పైన సగం. పూల్ బంతి వ్యాసం 2.25 అంగుళాలు. ప్రపంచ పూల్ సంఘం కొలతల ప్రకారం కార్నర్ పాకెట్ నోరు 4.5 నుంచి 4.625 అంగుళాలు. 4.5 పాకెట్‌కు ఎదురుగా వచ్చే బంతి అటూ ఇటూ 1.125 అంగుళాలు తప్పినా అంచు తగలకుండా పడుతుంది. 4 అంగుళాల పాకెట్ దగ్గర ఆ వెసులుబాటు 0.875 అంగుళాలే. నోరు తగ్గింది తొమ్మిదో వంతు, తప్పుకు చోటు తగ్గింది ఐదో వంతు కంటే ఎక్కువ! కుషన్ వెంబడి గట్టిగా కొట్టిన బంతిని వెడల్పు పాకెట్ మింగేస్తుంది, ఇరుకు పాకెట్ బయటికి ఉమ్మేస్తుంది. గురి ఎక్కడ తప్పిందో ఇరుకు పాకెట్ వెంటనే చెబుతుంది. అంతవరకు మంచిదే.

కానీ పూల్ అంటే బంతిని పడేయడమే కాదు, తెల్ల బంతిని తరవాతి షాట్‌కు సరైన చోట ఆపడం. మామూలు పాకెట్‌లో బంతిని కావాలని ఎడమ వారకో కుడి వారకో పంపి తెల్ల బంతి దారి మార్చుకోవచ్చు. ఇరుకు పాకెట్‌లో ఆ వీలు బాగా తగ్గుతుంది. మా కుర్రాళ్లను గమనిస్తున్నాను: ఎక్కడ అంచు తగులుతుందోనని ప్రతి షాటూ మెల్లగా తోస్తున్నారు. తెల్ల బంతిని వెనక్కి లాగే డ్రా లేదు, ముందుకు నడిపే ఫాలో లేదు. బంతులన్నీ వరసగా పడేసి మొత్తం ర్యాక్ తుడిచేసే అలవాటు రాకముందే, ఎదుటివాడికి షాట్ దొరక్కుండా చేసే సేఫ్టీలకు దిగుతున్నారు.

ఇటీవల మ్యాచ్‌రూమ్ సంస్థ నిర్వహించే నైన్‌బాల్ టోర్నీల్లో 4 అంగుళాల పాకెట్లు పెడుతున్నారు నిజమే. అక్కడ ఆడేవాళ్లకు మామూలు టేబుల్ ఏనాడో లొంగిపోయింది. నేర్చుకునేవాడికి ఆ పరీక్ష ఇప్పుడెందుకు? సాధనలో ఎక్కువ భాగం 4.5 మీద చెయ్యండి. చివరి అరగంట టైట్ టేబుల్ మీద స్ట్రెయిట్ షాట్లు, కుషన్ షాట్లు కొట్టండి. పోటీకి వెళ్తుంటే అక్కడి పాకెట్ కొలత ముందే కనుక్కోండి.

పాకెట్ టైటని సణగడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే. కానీ 5 అంగుళాల పాకెట్లలో ర్యాకులు తుడిచి గొప్పలు పోవడమూ ఆట కాదు. పార్లర్ యజమానులకు నా మనవి ఒక్కటే: గంట రేటు రాసిన బోర్డు మీదే పాకెట్ కొలత కూడా రాయండి.