ఎలుగుబంటి సరే, ఉప్పాడ మాటేమిటి?

మా అమ్మాయి 9వ తరగతి. ఈమధ్య బడిలో ‘వాతావరణ మార్పులు’ మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఫోను ముందేసుకుని కూచుంది, గంటలో ప్రాజెక్టు తయారు! అట్ట మీద కరుగుతున్న మంచుగడ్డ, దానిమీద బక్కచిక్కిన తెల్ల ఎలుగుబంటి. కింద ముత్యాల్లాంటి అక్షరాలతో కార్బన్ డయాక్సైడ్ గురించీ, మీథేన్ గురించీ. పదికి పది మార్కులొచ్చాయి. నేనూ మురిసిపోయాను, అబద్ధమెందుకు?

ఆ అట్ట వరండాలో గోడకి ఆనించి ఉండగా చేపలావిడ వచ్చింది. పదేళ్ళుగా ఉప్పాడ నుంచి కాకినాడ వచ్చి మా వీధిలో అమ్ముతోంది. బుట్ట దించి, బొమ్మకేసి చూసి “ఇదేంటి పాపా?” అంది. మంచు కరిగితే సముద్రం పెరుగుతుందనీ, ఒడ్డునున్న ఊళ్ళు మునుగుతాయనీ మా పిల్ల ఓపిగ్గా చెప్పింది.

ఆవిడ నవ్వేసింది. “మునగడమేంటమ్మా, మా ఇల్లు ఎప్పుడో సముద్రంలో కలిసిపోయింది. ఇప్పుడుంటున్నది రెండో ఇల్లు.”

పిల్ల మొహం చిన్నబోయింది. ఎక్కడో ఉన్న ఎలుగుబంటికి నిలవనీడ లేదని రాసిన పిల్లకి, రోజూ మా గుమ్మంలోకి వచ్చే మనిషికి ఇల్లు పోయిందని తెలీదు. ఆ మాటకొస్తే నాకూ తెలీదు. చేప తాజాదేనా అని తప్ప పదేళ్ళలో ఆవిణ్ణి ఇంకేమడిగాను గనక!

అమ్మాయి ఫోను తెచ్చి గూగుల్ ఎర్త్ తీసింది. అందులో పాత ఏళ్ళ ఉపగ్రహ చిత్రాలు కూడా ఉంటాయి. ఒక్కో ఏడూ వెనక్కి జరుపుతుంటే ఉప్పాడ ఒడ్డు సముద్రంలోకి పెరుగుతూ వచ్చింది. “ఆగాగు పాపా” అంటూ చేపలావిడ తడివేలు కొంగుకి తుడుచుకుని ఒకచోట ఆనించింది. “ఇదిగో, ఇక్కడే.” ఇవాళ అక్కడ నీళ్ళే.

ఆ రోజునుంచీ మా ఇంట్లో ప్రశ్నలే ప్రశ్నలు. “ఇదంతా వాతావరణ మార్పేనా అమ్మా?” ఇద్దరం కూచుని చదివాం. 1993 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న లెక్కల్లో ప్రపంచ సముద్రమట్టం సగటున 10 సెంటీమీటర్ల దాకా పెరిగింది. అదొక కారణం. గోదావరి తెచ్చే ఒండ్రు ఆనకట్టల వెనక ఆగిపోవడం, తీరంలో కట్టిన కట్టడాలు ఇసుక కదలికని మార్చడం, తుపాన్ల కోత, ఇవీ తోడయ్యాయి. ఒడ్డు ఎంత పోయిందో ఫోను చూపిస్తుంది. ఎందుకు పోయిందో తెలియాలంటే పుస్తకం తియ్యాలి, మేష్టార్ని అడగాలి, ఆ ఒడ్డున బతికేవాళ్ళతో మాట్లాడాలి.

ఫోను పిల్లల్ని చెడగొడుతోందని మనం రోజూ తిట్టిపోస్తాం. 2020లో కరోనా వచ్చినప్పుడు చదువంతా అందులోనే చెప్పించింది మనమే కదా! నన్నడిగితే తప్పు ఫోనుది కాదు, దానితో మనం చేయించే పనిది. ప్రళయం వచ్చేస్తోందన్న వీడియోలు చూసి పిల్లలు బెదిరిపోవడమో, విసుగెత్తి వేలితో పక్కకి తోసెయ్యడమో చేస్తారు. అదే తమ ఊరిని తాము కొలుచుకుంటే మాత్రం మర్చిపోరు.

మా అమ్మాయి ఇప్పుడు భారత వాతావరణ శాఖ వారి ‘మౌసమ్’ యాప్‌లో చూసి రోజూ ఎండ ఎంత, రాత్రి వేడి ఎంత అని నోటుబుక్కులో రాస్తోంది. ఒక ఏడాది ఎండని చూసి వాతావరణం మారిపోయిందనకూడదనీ, 30 ఏళ్ళ సగటు చూడాలనీ నాకే పాఠం చెబుతోంది!

ఇంకొక్క మాట. ఒక్క ఫోనున్న ఇళ్ళలో అది అబ్బాయి చేతికే వెళ్తుంది. ఆడపిల్ల అడిగితే “నీకెందుకు, ఎవరితో మాట్లాడాలి?” అంటాం. తుపానొస్తే మూటాముల్లె సర్దేదీ, ఎండాకాలం బిందె పట్టుకుని నిలబడేదీ మాత్రం ఆడవాళ్ళే. ముందుగా తెలియాల్సింది వాళ్ళకి కాదూ?

మా అమ్మాయి ఇంకో అట్ట తయారుచేసింది, ఉప్పాడ ఒడ్డు అప్పుడూ ఇప్పుడూ అని. దానికి ఎవరూ మార్కులు వెయ్యలేదు. చేపలావిడ మాత్రం “మా మనవరాలికి చూపిస్తాను పాపా” అని జాగ్రత్తగా చుట్టి పట్టుకెళ్ళింది.

మీ గుమ్మంలోకీ ఇలాంటివాళ్ళు రోజూ వస్తూనే ఉంటారు. ఈసారి బేరమాడేముందు వాళ్ళ ఊరి సంగతి ఓసారి అడిగి చూడండి. పక్కన మీ పిల్లల్ని కూడా కూచోబెట్టుకోండి, ఫోనుతో సహా.