మెనూలో మారే ఫోటోలు

మీ ఇంట్లో ఏదైనా పెళ్ళి డీవీడీ ఉంటే ఒకసారి పెట్టి చూడండి. ముందుగా తెర మీద ఒక పట్టిక వస్తుంది. దీనిని మెనూ అంటారు. అందులో ‘పెళ్ళి’, ‘ఊరేగింపు’, ‘విందు’ అని మీటలుంటాయి. ఒక్కొక్కసారి వాటి పక్కనే చిన్న చట్రంలో ఫోటోలు ఒకదాని తరవాత ఒకటి మారుతూ ఉంటాయి. ఇదెలా జరుగుతుంది?

ఇలాటి మెనూ కూడా ఒక చిన్న సినిమాయే! 6 ఫోటోలను 5 సెకండ్ల చొప్పున చూపితే 30 సెకండ్ల సినిమా అవుతుంది. మన దేశపు టీవీ పద్ధతిలో సెకండుకు 25 బొమ్మలు గనక, మొత్తం 750 బొమ్మలన్నమాట. అయితే ఫోటో కదలదు గదా! బొమ్మకూ బొమ్మకూ మధ్య వచ్చిన మార్పులనే చాలావరకు రాసుకుంటారు గనక, చోటు కొంచెమే పడుతుంది. చివర ‘మళ్ళీ మొదటికి పో’ అన్న ఆజ్ఞ ఉంటుంది. అక్కడ కొన్ని యంత్రాలు క్షణం సేపు ఆగుతాయి. అందుకని తెలిసినవాళ్ళు ఆఖరి ఫోటోను మెల్లిగా మొదటి ఫోటోలో కలిపేస్తారు.

మరి మీట మీద వెలిగే రంగు? అది సినిమాలో లేదు. సినిమా మీద పరిచిన, గాజుపలక లాటి మరొక పొరలో ఉంది. కింద ఫోటోలు మారినా ఆ రంగు చెదరదు. ఏ మీటకు పైన, కింద, కుడి, ఎడమల ఏ మీట ఉన్నదో కూడా డిస్కులో రాసి ఉంటుంది. రిమోటు దాని ప్రకారమే నడుస్తుంది.

మీరూ చేసి చూడండి. అట్టలో ఒక కిటికీ కత్తిరించి, పక్కన మీటల పేర్లు రాయండి. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం పరిచి, ఒక పేరు చుట్టూ రంగు గీత గీయండి. కిటికీ వెనక ఫోటోలు మార్చండి. రంగు గీత కదలదు!

ఒక్క జాగ్రత్త. డీవీడీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576 చుక్కలే ఉంటాయి. అంటే సుమారు 4 లక్షలు. ఈనాటి ఫోనుతో తీసిన ఫోటోలో కోటికి పైనే ఉంటాయి. కుదించినప్పుడు పోయిన వివరాలు తిరిగి రావు. పైగా, ఇంట్లో రాసుకునే డిస్కులను ఎండలో వదిలితే పాడవుతాయి. అందుచేత మెనూలో తాతగారి ఫోటో చూసి మురిసిపోండి గాని, అసలు ఫోటోను మాత్రం పారెయ్యకండి. దాని నకళ్ళను రెండు చోట్ల దాచండి. డిస్కు పాడయితే ఇంకొకటి చేసుకోవచ్చు. తాతగారి ఫోటో మళ్ళీ ఎవరు తీస్తారు?