ఎన్నెకరాలు వదిలినవ్?

దొర బిడ్డ దొరల మీద కొట్లాటకు వస్తే జనం వెంటనే నమ్మరు. నమ్మనక్కర లేదు కూడా. మాటలతో నమ్మకం రాదు. ఏం వదులుకున్నాడో చూసినంకనే వస్తుంది.

ఐర్లండ్‌లో పార్నెల్ అనే భూస్వామి 1879లో కౌలురైతుల లాండ్ లీగ్‌కు అధ్యక్షుడైనాడు. రైతును వెళ్లగొట్టిన భూమిని పట్టుకున్నోడిని వెలివేయమన్నాడు. బాయ్‌కాట్ అన్న మాట ఆ పోరాటంలోనే పుట్టింది. నల్లగొండకు ఆ కథ కొత్తగాదు. మనకు రావి నారాయణరెడ్డి ఉన్నారు.

1908లో భువనగిరి తాలూకా బొల్లేపల్లిలో భూస్వామ్య కుటుంబంలో పుట్టారు. 1930లో చదువు పక్కనపెట్టి కాకినాడ ఉప్పు సత్యాగ్రహానికి పోయారు. తిరిగొచ్చి దళిత పిల్లల హాస్టళ్ల పనిలో దిగారు. 1938లో స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంలో జైలు చూశారు. మరుసటేడు కమ్యూనిస్టు అయ్యారు.

1941లో చిలుకూరు, 1944లో భువనగిరి ఆంధ్రమహాసభలకు ఆయనే అధ్యక్షుడు. భువనగిరిలో సభ్యత్వాన్ని అణాకు దించారు. దాంతో వకీళ్ల సభ పాలేర్ల సంగమైంది. మితవాదులు వేరు కుంపటి పెట్టుకున్నారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. 1947 సెప్టెంబర్ 11న బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతో కలిసి సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. దొరల భూములు పంచమని చెప్పి తన భూమిని దాచుకోలేదు. దాన్నీ పేదలకిచ్చారు.

1948లో యూనియన్ సైన్యం వచ్చినంక తుపాకులు దించుదామన్నారు. సొంత పార్టీలోనే నిందలు పడ్డారు. 1951 అక్టోబర్‌లో పార్టీయే పోరాటం విరమించింది. 1952 ఎన్నికల్లో పీడీఎఫ్ తరఫున నల్లగొండ లోక్‌సభకు నిలబడితే జనం 3,09,162 ఓట్లు గుద్దారు. నెహ్రూకు కూడా అన్ని ఓట్లు రాలేదు.

ఇక మనకు రుచించని మాట. ఆయన పార్టీ విశాలాంధ్ర జెండా ఎత్తింది. ఆయన ఆ పార్టీలోనే ఉన్నారు. 1955 డిసెంబర్ 10న నందికొండ దగ్గర నెహ్రూ సాగర్‌కు పునాదిరాయి వేసిననాడు నల్లగొండ ఎంపీ ఆయనే. ఏడాది తిరక్కుండానే, 1956 నవంబర్ 1న, విలీనం జరిగింది. కృష్ణమ్మ జిల్లా అంచునే పారుతున్నా మర్రిగూడ, నాంపల్లి పల్లెలు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ నీళ్లే తాగినై. బొక్కలు వంకర పోయినై. ఆ లెక్క విశాలాంధ్ర అన్న ప్రతివారినీ అడగవలసిందే. పెద్దమనిషని ఆయన్ని విడిచిపెట్టనక్కర లేదు. కానీ ఎంత అడిగినా ఒక్క సంగతి మారదు. ఆయన పంచిన భూమి మళ్లీ ఆయన పట్టాలోకి రాలేదు.

1991 సెప్టెంబర్ 7న ఆయన కన్నుమూశారు. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఇప్పుడు ప్రతి పార్టీకీ ఆయన ఫొటో కావాలె. దండలు వేస్తారు, సాయుధ పోరాట వారసులమంటారు. వేయనీయండి, అననీయండి. ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం ఆ దండ వేసినోళ్ల అఫిడవిట్ తీసి చదవండి. రాజకీయాల్లోకి రాకముందు ఎన్నెకరాలు? వచ్చినంక ఎన్నెకరాలు? బొల్లేపల్లి బిడ్డ లెక్క తగ్గుకుంటూ పోయింది. మీ ఊరి నాయకుడి లెక్క ఎటు పోతున్నది?