అమ్మ ఒప్పుకుందట!

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ నిబంధనల్లో పిల్లల సంగతి చెప్పే భాగం 2027 మే నెలలో అమల్లోకి వస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండని వారి వివరాలు, కొన్ని మినహాయింపులు పోగా, ఏ యాప్ తీసుకోవాలన్నా తల్లి గానీ తండ్రి గానీ ఒప్పుకోవాలి, ఆ ఒప్పుకోలు నిఖార్సయినదేనని కంపెనీ సరిచూసుకోవాలి. వినడానికి ముచ్చటగానే ఉంది. మే నెలలో తెలంగాణ మన్యంలోని చర్ల, దుమ్ముగూడెం, గుండాల మండలాల తల్లులు ఎక్కడుంటారో మాత్రం ఢిల్లీలో ఎవరూ ఆలోచించినట్టు లేదు. తెల్లారకముందే తునికాకు కోసం అడవిలోకి వెళ్తారు. ఎండెక్కాక ఇల్లు చేరి, ఆకును యాభై చొప్పున కట్టలు కట్టి, పొద్దుగూకే వేళకు కల్లానికి మోస్తారు. ఆశ్రమ పాఠశాల నుంచి వేసవి సెలవులకు వచ్చిన తొమ్మిదో తరగతి పిల్లాడు, ఇంటిల్లిపాదికీ ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పట్టుకుని సిగ్నల్ అందే చెట్టు కింద కూర్చుంటాడు. అమ్మ సమ్మతి ఎవరిస్తారు? వాడే ఇస్తాడు.

ఇవ్వక ఏం చేస్తాడు? ఆ ఇంటికి గుమాస్తా వాడే. ఉపాధి హామీ డబ్బులు పడ్డాయో లేదో మెసేజ్ చూసి చెప్పేది వాడు. రేషన్ కార్డు ఈ-కేవైసీకి వచ్చిన ఓటీపీ చదివేది వాడు. 2011 జనగణన నాటికి తెలంగాణ గిరిజన మహిళల్లో అక్షరాస్యత 40 శాతం దగ్గరే ఉంది. అది తెలిసి తెలిసీ పథకాలన్నిటినీ ఫోన్లోకి ఎక్కించి, చదువుకునే పిల్లల్ని ఇళ్లకు గుమాస్తాలుగా మార్చింది ప్రభుత్వాలే. ఇప్పుడు ఆ పిల్లల్ని కాపాడటానికి వాళ్లమ్మకు కబురు పెడతారట, అదీ ఆ పిల్లాడి చేతిలోని ఫోనుకే!

‘సరిచూసిన సమ్మతి’ అన్న మాటను నిబంధనల్లో చదివి చూస్తే అసలు గుట్టు బయటపడుతుంది. కంపెనీ సరిచూసుకోవాల్సింది ఒక్కటే: తల్లినో తండ్రినో అని చెప్పుకొన్న మనిషి పెద్దవారేనా, అవసరమైతే గుర్తుపట్టగలమా? ఆమె ఈ బిడ్డకు తల్లి అవునా కాదా అన్నది తేల్చాల్సిన పని లేదు. పక్కింటి డిగ్రీ కుర్రాడి ఆధార్ ఉన్నా గేటు తెరుచుకుంటుంది. అంతకంటే వింత ఏమిటంటే, నిబంధనల్లో ఇచ్చిన ఉదాహరణలు ఎవరో ఒకరు నోరు విప్పడంతోనే మొదలవుతాయి. ‘నేను చిన్నపిల్లను’ అని బిడ్డ చెప్పాలి, లేదా ‘ఇది మా బిడ్డ ఖాతా’ అని తల్లి చెప్పాలి. ఇద్దరూ చెప్పకపోతే? పుట్టిన సంవత్సరం దగ్గర 2004 అని కొట్టిన పద్నాలుగేళ్ల పిల్లాడు దర్జాగా లోపలికి వెళ్తాడు. నిజం చెప్పిన అమ్మాయి గేటు బయటే నిలబడుతుంది, అమ్మ మిర్చి కోతలకు వెళ్లింది కాబట్టి, అమ్మ ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఎప్పుడో పోయింది కాబట్టి. అబద్ధం ఆడినవాడికి దారి, నిజం చెప్పినదానికి తాళం. దీని పేరు బాలల రక్షణ!

భాష సంగతి చెప్పనే అక్కర్లేదు. సమ్మతి కోరే పత్రాన్ని ఇంగ్లిష్‌లో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఒకదానిలో గానీ చదువుకునే వీలు కల్పిస్తే చాలునంటుంది చట్టం. కోయ భాష ఆ షెడ్యూలులో లేదు. అంటే భద్రాచలం మన్యంలో కోయ తప్ప మరో మాట సరిగా రాని తల్లి తనకు అర్థం కాని కాగితానికి ఒప్పుకున్నా చట్టం దృష్టిలో లోటేమీ లేదు. పైగా ఒకరి పేరుతో మరొకరు వివరాలివ్వడం తప్పని ఇదే చట్టం చెబుతోంది. దానికి 10 వేల రూపాయల దాకా జరిమానా కూడా ఉంది.

ఇంత డొల్లగా ఉన్న సమ్మతి ఎవరికి పనికొస్తుంది? కంపెనీకి. రేపు ఓ ఆడపిల్ల ఫొటోను మార్చి హాస్టల్ మొత్తానికి పంచినా, అర్ధరాత్రి ముక్కూమొహం తెలియనివాడు మెసేజ్ పెట్టినా, కంపెనీ ముందుగా చూపించేది ఆ సమ్మతి రికార్డునే. ‘మేం అడిగాం, వాళ్లమ్మ ఒప్పుకుంది’ అంటుంది. వందల మంది ఇంజినీర్లు కూర్చుని పిల్లాడి కన్ను తెర మీంచి కదలకుండా తయారుచేసిన సరుకుకు, తునికాకు ఏరుకునే మనిషిని జవాబుదారీ చేయడం కంటే మోసం ఉంటుందా?

కన్నవాళ్లకు తమ బిడ్డ మీద హక్కు ఉండాలన్న మాట కాదనలేనిదే. కానీ హక్కు ఉందని జవాబుదారీ కూడా వాళ్ల మీదే వేయకూడదు. 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా వద్దన్న ఆస్ట్రేలియా కూడా, 2025 డిసెంబరు 10 నుంచి జరిమానా భారం కంపెనీల మీదే పెట్టింది, కన్నవాళ్ల మీద కాదు. ఆ చట్టాన్ని పరిశీలిస్తున్నామని ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో దావోస్‌లో అన్నారు. అలాంటి నిషేధం ఒక్క రాష్ట్రంలోనే వస్తే ఆంధ్రప్రదేశ్‌లోని ఎటపాక పిల్లలకు ఒక న్యాయం, అడుగు దూరంలో తెలంగాణలో ఉన్న భద్రాచలం పిల్లలకు మరో న్యాయం అవుతుంది. రాష్ట్రాల మధ్య గీత సెల్ టవర్‌కు తెలియదు.

ఫోన్ అంటేనే పాపం అని మేం అనడం లేదు. 2020 సెప్టెంబరు 1న డిజిటల్ పాఠాలు మొదలుపెట్టి, పిల్లల్ని తెరల ముందు కూర్చోబెట్టింది తెలంగాణ ప్రభుత్వమే. హోంవర్కు వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది అప్పుడే, మళ్లీ పూర్తిగా వెనక్కి రాలేదు. పదో తరగతి అయ్యాక ఒకరు ఖమ్మంలో ఇంటర్‌కు, మరొకరు ఊళ్లో మేకల వెంట పోయిన హాస్టల్ నేస్తాలను ఇప్పటికీ కలిపి ఉంచుతున్నది ఆ గ్రూపే. అయితే గ్రామీణ భారతంపై 2024 అసర్ విద్యా సర్వేలో, స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 14–16 ఏళ్ల పిల్లల్లో ఆ వారం చదువు కోసం వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడామన్నవారు 76 శాతం. ఈ తేడా అమ్మ ఓటీపీతో పూడేది కాదు. చదువుకని చేతికిచ్చిన ఫోన్లోనే రీళ్లూ ఉన్నాయి మరి.

పిల్లల కదలికలపై నిఘా పెట్టకూడదు, వాళ్లకు గురిపెట్టిన ప్రకటనలు చూపకూడదు అన్న మంచి వాక్యం ఈ చట్టం తొమ్మిదో సెక్షన్‌లోనే ఉంది. ఆ సెక్షన్‌లోని బాధ్యతలు మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. ముందు దాన్ని కోరలతో అమలు చేయాలి. తల్లిదండ్రుల సమ్మతి ఉన్నా సరే, పిల్లలకు జరిగిన హానికి కంపెనీ బాధ్యత తప్పదని 2027 మే లోపే నిబంధనల్లో స్పష్టంగా రాయాలి. సమ్మతి అడిగి తీరాల్సిన చోట కోయలో, చదివి వినిపించే గొంతుతో అడగాలి. ఈ సవరణలు చేయలేకపోతే ఆ నిబంధనను అమలు చేయకుండా పక్కన పెట్టాలి.